కలరా ఉండ: గుణదోష విచారణ

శ్రావణమాసము రాకమునుపు ఒక పొడిదినము చూచి మా మేనత్తగారు భోషాణము తెరచినప్పుడు, జరీయంచు చీరలకన్న ముందుగా బయటికి వచ్చి నట్టింటినుండి వసారావరకు వ్యాపించిన ఆ తీక్ష్ణగంధము, ఇన్నేండ్లు గడచినను నా జ్ఞాపకమునందు పండుగ వాసనగానే నిలిచియున్నది. ఆ గంధమునకు మూలమైన తెల్లని గోళీలను ఆమె కలరా ఉండలనెడిది. మా వీథిలో అందరును అట్లే యనెడివారు. నేటికిని కిరాణాకొట్టులో ఆ పేరుతో అడిగినచో దుకాణదారుడు మారుమాట లేక పొట్లము చేతికిచ్చును. రసాయనశాస్త్రము దీనిని నాఫ్తలీన్ అని వ్యవహరించును. ఇంత చిరపరిచితమైన వస్తువును గూర్చి మనకు తెలిసినది ఎంత స్వల్పమో, తెలిసినదనుకొన్నదానిలో పొరపాటెంతయో, ఈ విషయమున శాస్త్రగ్రంథములను వైద్యగ్రంథములను కొంత శ్రద్ధతో పరిశీలించిన పిమ్మట గాని నాకు బోధపడలేదు. ఆ పరిశీలనవలన కలిగిన నిశ్చయమును ముందుగనే చెప్పెదను: గట్టిగా మూతపడు పెట్టెలో, ఉన్నిబట్టల సహవాసమున మాత్రమే ఈ ఉండకు ఒక ప్రయోజనము కలదు, ఆ పెట్టె దాటి బయటికి వచ్చినది మొదలు దానివలన లాభమేమియు లేదు, హాని మాత్రము కలదు, ఆ హానికి మొట్టమొదట గురియగువారు పసిబిడ్డలు.

పొరపాటు పేరుతోనే మొదలగుచున్నది. దుర్గంధమే రోగమునకు మూలమని లోకమంతయు నమ్మిన కాలమొకటి యుండెను. ఆ నమ్మకము చొప్పున, ఘాటైన వాసన గల ప్రతి పదార్థమును మహమ్మారికి విరుగుడుగా తోచుట సహజమే. కాని 1854లో లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు ఒక వీథి పంపునీటిని అనుసరించి కలరా వ్యాపించిన తీరును చూపెను. 1884లో రాబర్ట్ కోక్ కలకత్తాలో ఆ రోగక్రిమిని చెరువునీటియందే కనుగొనెను. కలరా నీటివెంట నడచు వ్యాధి. నాఫ్తలీనో, నీటిలో కరగనే కరగదు. లీటరు నీటిలో ముప్పది మిల్లీగ్రాములు కరగుటయే గగనము. అట్టిది మరుగుదొడ్డిలో వేసినను, చేతులు కడుగుకొను తొట్టిలో వేసినను, మురుగుకాలువ తూమువద్ద వేసినను, ఏ క్రిమిని చంపదు, ఏ మాలిన్యమును కడుగదు. ఒక వాసనను మరియొక వాసనతో కప్పుట మాత్రమే దాని పని. హోటళ్లలోను సినిమాహాళ్లలోను చేతులు కడుగు తొట్లలో గుప్పెళ్లకొలది పోసి యుంచు ఉండలు శుభ్రతకు గురుతని మనము భావించుచున్నాము. ఇది పేరు తెచ్చిపెట్టిన భ్రాంతి.

ఇక ఈ వస్తువు పుట్టుక. బొగ్గును గాలి సోకనీక బట్టీలలో కాల్చి కోకుగా మార్చునప్పుడు వెలువడు ఆవిరులను చల్లార్చగా నల్లని జిగటతారు లభించును. విశాఖపట్నపు ఉక్కు కర్మాగారమున కోకు బట్టీలనుండి దిగునదియు ఈ తారే. దానిలో నూటికి ఇంచుమించు పదిపాళ్లు నాఫ్తలీన్. 1820 ప్రాంతమున ఇంగ్లండులో అలెగ్జాండర్ గార్డెన్, జాన్ కిడ్ అనువారు వేర్వేరుగా ఆ కారునలుపునుండి ఈ తెల్లని పలుకులను వేరుపరచిరి. మరుసటి యేట కిడ్ దీనికి ఇప్పటి పేరు పెట్టెను. 1826లో మైకేల్ ఫారడే దీని సంఘటనమును నిర్ణయించెను: అణువొక్కింటికి పది కర్బన పరమాణువులు, ఎనిమిది ఉదజని పరమాణువులు. అవి ఏ యాకృతిలో అమరియున్నవో 1866లో ఎర్లెన్‌మయర్ ఊహించి చెప్పెను: తేనెపట్టులోని రెండు గదులు నడిమిగోడను పంచుకొన్నట్లు, రెండు ఆరుకోణముల వలయములు ఒక భుజమును పంచుకొని యున్నవి.

దీని భౌతికగుణములలో మనకు ముఖ్యమైనది ఒక్కటే. ఎనుబది డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కరగి, రెండువందల పదునెనిమిది డిగ్రీలకు మరగు ఈ పదార్థము, ఆ వేడిమి దరిదాపులకైనను పోకుండగనే, ద్రవరూపము దాల్చకయే, ఘనరూపమునుండి నేరుగా ఆవిరియై గాలిలో కలసిపోవును. మన పాఠ్యపుస్తకములు దీనిని ఉత్పతనమనును. పెట్టెలో వేసిన ఉండ నాలుగు నెలలకు బఠాణీగింజంతయై, ఆరు నెలలకు కానరాకుండపోవుట అందరును చూచినదే. పోయినదెక్కడికి అని ప్రశ్నించుకొన్నవారు అరుదు. అది బట్టల మడతలలోనికి కొంత, ఇంటి గాలిలోనికి కొంత, ఆ గాలి పీల్చు మన ఊపిరితిత్తులలోనికి కొంత పోయినది. వాసన అనునది వస్తువుకన్న వేరైనది కాదు. ముక్కునకు తగిలినది ఆ ఉండ యొక్క అణువులే. వేడి హెచ్చినకొలది ఈ పలాయనము వేగమగును: ఇరువదియైదు డిగ్రీలవద్ద ఎంత ఆవిరి పీడనము గలదో, నలుబది డిగ్రీలవద్ద దానికి ఇంచుమించు నాలుగింతలగును. రెంటచింతల యెండలలో రేకులకప్పు క్రింది పెట్టె విషయమున ఈ లెక్క అలంకారప్రాయము కాదు. ఆ ఆవిరి గాలికన్న నాలుగింతలకు పైగా బరువైనది గనుక క్రిందికి దిగును. దీని ఉపయోగమును పిమ్మట చెప్పెదను.

ఉండగా చుట్టబడుట నాఫ్తలీన్ జీవితమున మిక్కిలి చిన్న ఘట్టము. పెద్ద కథ వేరొకటి కలదు. అది మన దేశచరిత్రతో ముడివడినది గనుక దాటిపోవుటకు మనసొప్పుట లేదు. నీలిమందు ఒకప్పుడు భారతదేశపు సొత్తు. కడపసీమలో పండి కుర్పా యను పేర విదేశపు అంగళ్లలో అమ్ముడుపోయిన నీలియు, బీహారు తోటలలో తెల్లదొరలు రైతులచే బలవంతముగా పండింపజేసిన నీలియు ప్రపంచపు వస్త్రములకు రంగునిచ్చినవి. ఆ రంగును చెట్టు లేకయే తయారుచేయవలెనని జర్మనీ రసాయనజ్ఞులు దశాబ్దములు శ్రమించిరి. మార్గము కాగితముమీద దొరకినది గాని, అంగడిలో చెట్టునీలితో పోటీపడునంత చౌకగా మూలపదార్థము దొరకలేదు. తారునుండి రాశులుగా లభించు నాఫ్తలీన్‌ను థాలిక్ ఆమ్లముగా మార్చగలిగినచో చిక్కు వీడును; కాని ఆ మార్పు అతిమందముగా సాగెడిది. నాఫ్తలీన్‌ను గంధకికామ్లముతో కాచుచున్న పాత్రలో ఒకనాడు ఉష్ణమాపకము పగిలి, దానిలోని పాదరసము ఒలికి, అంతవరకు నత్తనడక నడచిన చర్య ఒక్కమారుగా వేగిరపడెనని రసాయనచరిత్రకారులు చెప్పుదురు. 1897లో బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ నాఫ్తలీన్ మూలముగా చేసిన కృత్రిమ నీలిని విపణికి తెచ్చినది.

దాని ఫలితము బీహారులో తెలిసినది. చెట్టునీలికి ధర పడిపోగా, నష్టమును తాము భరింప నొల్లని చంపారన్ తోటదొరలు, బిగాకు మూడు కఠాల నీలి వేసి తీరవలెనన్న నిర్బంధమునుండి విడుదల చేయుటకు ప్రతిఫలమని చెప్పి రైతులపై శిస్తులు పెంచిరి. ఆ యన్యాయమును విచారించుటకే 1917లో గాంధీమహాత్ముడు చంపారన్‌లో అడుగుపెట్టెను. బొగ్గుతారునుండి పుట్టిన ఈ తెల్లని పలుకు, తానెరుగకయే, మన స్వాతంత్ర్యోద్యమమున గాంధీయుగపు తొలి అధ్యాయమునకు వేసిన బాటలో ఒక రాయి అయినదని తలచినప్పుడు నాకు నేటికిని ఆశ్చర్యము కలుగును.

వైద్యమునందును దీనికొక విచిత్రస్థానము కలదు. పందొమ్మిదవ శతాబ్ది చివర ప్రేగులలోని క్రిములను పోగొట్టుటకై నాఫ్తలీన్‌ను లోనికి ఇచ్చెడివారు. 1886లో స్ట్రాస్‌బుర్గ్ నగరమున కాన్, హెప్ అను ఇరువురు యువవైద్యులు ఒక రోగికి అట్లే ఇచ్చుచుండగా, క్రిములు తగ్గలేదు గాని జ్వరము చప్పున దిగిపోయెను. విచారింపగా, మందుల దుకాణమువారు పొరపాటున నాఫ్తలీన్‌కు బదులు అసిటనిలైడ్ అను వేరొక పదార్థమును ఇచ్చినట్లు తేలినది. ఆ పొరపాటునుండి ఒక జ్వరహారిణి బయల్వెడలినది. అది శరీరములో మారి యేర్పరచు పదార్థమే పని చేయుచున్నదని 1948లో తేలగా, నేడు ఇంటింట గల పారాసిటమాల్‌కు మార్గమేర్పడినది. లోనికిచ్చు మందుగా నాఫ్తలీన్‌కు ఆనాటితోనే కాకున్నను అనతికాలములోనే స్వస్తి చెప్పబడుట మేలైనది. ఎందువలననో ముందు తెలియగలదు.

దీని సంతతిని గూర్చి నాలుగు మాటలు చాలును. మామిడిపూత రాలకుండుటకును, మిరపతోటలలో పూతపిందె నిలుచుటకును మన రైతులు చల్లు ప్లానోఫిక్స్ మందులోనిది నాఫ్తలీన్ అసిటిక్ ఆమ్లమే. అంతస్తుల భవనములకు పోయు కాంక్రీటు తక్కువ నీటితో జారుగా పారుటకు కలుపు ద్రావకములలో ఒకటి నాఫ్తలీన్ గంధకిక లవణము. గుండెదడకు వైద్యులిచ్చు ప్రొప్రనలాల్ మాత్ర నడుమ ఈ జంటవలయమే యున్నది. 1984 డిసెంబరులో విషవాయువు వెడలిన భోపాల్ కర్మాగారమున తయారగుచుండిన సెవిన్ అను పురుగుమందునకు ఒక మూలము నాఫ్తాల్; అయితే ఆ ఘోరమునకు కారణమైనది దానితో కలపబడు మిథైల్ ఐసోసయనేటు గాని నాఫ్తాల్ కాదని స్పష్టముగా చెప్పుట న్యాయము.

మన పెట్టెవద్దకు తిరిగివత్తము. బట్టలను కొరుకు చిమ్మెట యొక్క రెక్కలపురుగు నిజమునకు ఏమియు తినదు; దాని నోరు తినుటకు తగినది కాదు. అది మడతలలో గ్రుడ్లు పెట్టి పోవును. ఆ గ్రుడ్లనుండి వెడలిన డింభకమే నాశనకారి. ఉన్ని, ఈకలు, వెండ్రుకలు మున్నగువాటియందలి కెరాటిన్ అను మాంసకృత్తును జీర్ణింపజేసికొనగల అపూర్వశక్తి దానికి కలదు. పట్టునుగూడ, ముఖ్యముగా చెమటయు ఆహారపు మరకలును అంటిన పట్టును, అది వదలదు. శుభ్రమైన నూలుబట్ట దానికి ఆహారమే కాదు. కనుక కాశ్మీరు శాలువలకును, గొంగళ్లకును, ఉన్ని స్వెట్టర్లకును ఈ ఉండ కొంత అవసరమని యొప్పుకొనవచ్చును గాని, మంగళగిరి, వెంకటగిరి నూలుచీరల మధ్య దీనిని దోపుట వ్యర్థము. నూలుచీరలకు చిల్లులు పెట్టునది వేరొక ప్రాణి: వెండిపొడి అద్దినట్లు మెరయుచు, దీపము చూపగానే జారిపోవు ఆ రెక్కలు లేని పురుగు బట్టను గాక బట్టకు పెట్టిన గంజిని కోరి వచ్చును. దానికి మందు గంజి పోవునట్లు ఉతికి, పొడిగా ఆరవేసి దాచుటయే.

ఇంకొక భ్రమను గూర్చి చెప్పక తప్పదు. చెదలు పట్టిన గుమ్మమువద్దను, పుస్తకముల బీరువాలోను ఈ ఉండలు వేయువారు కలరు. 1998లో అమెరికాలోని లూసియానా పరిశోధకులు ఒక చెదజాతి గూళ్లను పరీక్షించి, ఆ చెదలు తమ గూటిలో తామే నాఫ్తలీన్‌ను నింపుకొని శత్రువులనుండి కాపాడుకొనుచున్నవని కనుగొని ప్రకటించిరి. ఇంటిలో ధూపముగా వాడుకొను ప్రాణిని ఆ ధూపముతోనే తరుమజూచుట యెట్టిదో పాఠకులే యోచింతురు గాక. పాములు రాకుండునని దొడ్డిలో చల్లుటయు ఇట్టిదే. దానివలన పాము తప్పుకొనదు, దొడ్డిలో ఆడుకొను బిడ్డ మాత్రము ఏరి నోట పెట్టుకొనును.

చిమ్మెట డింభకమును నాఫ్తలీన్ చంపునా యనగా, చంపును. కాని ఒక నిబంధనతో. గాలి ఆ యావిరితో దాదాపు నిండుకొనవలెను. ఇరువదియైదు డిగ్రీలవద్ద గాలి పట్టగల గరిష్ఠప్రమాణము పదిలక్షల పాళ్లలో నూరుపాళ్లకు కొంచెము మించును. ఆ స్థితి గట్టిమూత గల పెట్టెలో మాత్రమే సిద్ధించును. మాటిమాటికి తెరచు బీరువాలో, సందులు గల చెక్క అల్మారాలో, ఆవిరి నిలువక గదిలోనికి వెడలిపోవును, పురుగు బ్రతుకును. అమెరికాలో కర్మాగారపు పనివారికి విధించిన పరిమితి పదిలక్షలకు పది పాళ్లు. అదియు ఆరోగ్యవంతులైన పెద్దలకు, దినమునకు ఎనిమిది గంటలకు. ఇంటిగాలికై ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010లో సూచించిన సంవత్సరపు సగటు ఘనమీటరునకు 0.01 మిల్లీగ్రాము, అనగా పదిలక్షల పాళ్లలో ఇంచుమించు 0.002 పాలు. మనిషి ముక్కు ఈ వాసనను పసిగట్టుటకు పదిలక్షలలో 0.08 పాలు ఉండవలెనని శాస్త్రగ్రంథములలో తరచుగా ఉదాహరింపబడు లెక్క. ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు నాకు కలిగిన కలవరము ఇంతింత కాదు: పడకగదిలో ఆ వాసన స్పష్టముగా తెలియుచున్నదన్నచో, ఆ సంస్థ నిత్యజీవనమునకు సూచించిన ప్రమాణమునకు నలుబదింతలు అప్పటికే అక్కడ నున్నదన్నమాట. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో ఆ ప్రమాణమునకు సరిపడు నాఫ్తలీన్ మిల్లీగ్రాములో మూడవవంతైనను ఉండదు; ఒక్క ఉండ తూకమో, మూడు నాలుగు గ్రాములు.

ఈ యావిరి శరీరములో ఏమి చేయును? కాలేయము దీనిని మార్చి నాఫ్తాల్, నాఫ్తక్వినోను మున్నగు పదార్థములుగా చేయును; అవి రక్తములోని ఎర్రకణములను ఆక్సీకరణమునకు గురిచేయును. సాధారణముగా ఎర్రకణము తన్ను తాను కాపాడుకొనగలదు. ఆ రక్షణకు కావలసిన సరంజామాను సమకూర్చు ఎంజైము జీ-6-పీడీ యనబడునది. ఈ ఎంజైము పుట్టుకతోనే కొరతపడినవారు ప్రపంచములో నలుబది కోట్లమంది యుందురని అంచనా. మలేరియా చిరకాలము పీడించిన ప్రాంతముల ప్రజలలో ఈ కొరత హెచ్చు, ఏలయన అది మలేరియానుండి కొంత రక్షణనిచ్చుచు తరతరములు నిలిచినది. మన మన్యప్రాంతములందు మలేరియాకు ప్రైమాక్విన్ మాత్ర ఇచ్చునపుడు వైద్యులు జాగ్రత్తపడుటకు కారణమిదియే. కొరత తల్లినుండి సంక్రమించి మగబిడ్డలలో హెచ్చుగా వ్యక్తమగును. మామూలు దినములలో వారికి ఏ యిబ్బందియు ఉండదు. తమకీ లోపమున్నదనియు చాలమందికి తెలియదు. నాఫ్తలీన్ సోకిననాడు వారి ఎర్రకణములు గుంపులు గుంపులుగా చితికిపోవును, మూత్రము కాఫీరంగు తిరుగును, ముఖము పాలిపోవును, కన్నులు పచ్చబడును.

1949లో అమెరికాలోని డెట్రాయిట్ వైద్యులిరువురు నాఫ్తలీన్ తిన్న పిల్లలలో ఈ రక్తక్షయమును వర్ణించిరి. అప్పటికి ఎంజైము మాట ఎవరికిని తెలియదు. అది 1956లో గాని బయటపడలేదు. 1963లో గ్రీసు దేశ వైద్యులు ప్రకటించిన వృత్తాంతము ఇంకను దారుణము. ఇరువదియొక్క మంది శిశువులు ఉండను నోట పెట్టుకొనలేదు, ముట్టనైన ముట్టలేదు. ఉండలతోపాటు దాచి తీసిన దుప్పట్లనుండియు గుడ్డలనుండియు వెడలు ఆవిరిని పీల్చిరి, అంతే. వారి ఎర్రకణములు చితికి కామెర్లు ముదిరెను, కొందరిలో ఆ పసుపుద్రవ్యము మెదడునకు ఎక్కెను, మరణములును సంభవించినవి. నవజాతశిశువు కాలేయము ఇంకను పక్వము కాలేదు గనుక, ఎంజైము కొరత లేని బిడ్డకును ఈ ప్రమాదము బొత్తిగా లేకపోలేదు.

ఈ వృత్తాంతము చదివినప్పుడు నా మనసు మన ఆచారములవైపు పోయినది. పుట్టిన బిడ్డకు కొత్తబట్ట కట్టరాదని, ఉతికి ఉతికి మెత్తబడిన పాతచీర ముక్కలను, తాతగారి పాతపంచెను పొత్తిగుడ్డలుగా చేయుట మన యిండ్ల సంప్రదాయము. బిడ్డ లేతచర్మమునకు అంతకన్న హితమైనది లేదు, సంప్రదాయము మంచిదే. కాని ఆ పాతచీర ఎక్కడనుండి వచ్చును? నెలల తరబడి ఉండలతో మూసియుంచిన పెట్టె అడుగునుండి. దానిలో చుట్టుటకు ముందు బిడ్డకు నూనె మర్దన చేయుదుము. నాఫ్తలీన్ నీటిలో కరగదు గాని నూనెలో చక్కగా కరగును. ఉండలతో దాచిన గుడ్డలు కట్టిన శిశువుల చర్మముపై నూనె ఉండుటచేత విషము మరింతగా లోనికి ఇంకియుండునని వైద్యులు 1951లోనే అనుమానించిరి. ప్రేమతో చేయు రెండు పనుల నడుమ మూడవదిగా ఈ ఉండ చొరబడినది. బిడ్డకు మూడవనాడు పచ్చకామెర్లు వచ్చినచో మనము వేరు వేయి కారణములు వెదకుదుము. పెట్టెను ఎవరును అనుమానింపరు. పురిటిగదిలో ఆ వాసన ఉన్నచో వైద్యునితో ఆ మాట తప్పక చెప్పవలెను. చెప్పనిదే ఆయన అడుగకపోవచ్చును.

గర్భవతులును ఈ జాగ్రత్తకు పాత్రులే. వేవిళ్లనాడు మట్టియు బలపములును తినబుద్ధియగునట్లే, కొందరికి ఈ ఉండల వాసనయందు, మరికొందరికి వాటి రుచియందు గూడ వెర్రికోరిక కలుగుట వైద్యగ్రంథములలో నమోదై యున్నది. అట్టి తల్లుల బిడ్డలు కొందరు రక్తహీనతతో పుట్టిరి. దానికి సిగ్గుపడి దాచుకొనుట కన్న ఇంటిలోని పెద్దదానితోనో నర్సుతోనో చెప్పుట శ్రేయము.

కాన్సరు విషయమున నిగ్రహముతో మాటలాడవలెను. ఎలుకలచే ఈ యావిరిని జీవితపర్యంతము పీల్పించిన అమెరికా ప్రభుత్వ పరిశోధనలలో వాటి ముక్కులందు కంతులు పుట్టినవి. దానినిబట్టి అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ 2002లో నాఫ్తలీన్‌ను మనుష్యులకు కాన్సరు కలిగింప అవకాశము గలదన్న తరగతిలో చేర్చినది. మనుష్యులలో నిర్ధారణయైనదని ఆ తరగతికి అర్థము కాదు. ఐరోపా సమాజము 2008లో ఈ ఉండలను పురుగుమందుగా అమ్ముటను మాన్పించినది. ఆ నిర్ణయము తొందరపాటు కాదని నా యభిప్రాయము. చలిదేశములలో, ఉన్నియే ప్రధానవస్త్రమైనచోట, అది లేకయే గడుపగలిగినప్పుడు, నూలుకట్టు మనదేశములో గడుపలేకపోవుట యేమి?

అంగడిలో తెల్లని గోళి యన్నది అంతయు నాఫ్తలీన్ కాదు. పారాడైక్లోరోబెంజీన్ అను క్లోరిను గల పదార్థముతో చేసిన బిళ్లలును, రంగురంగుల మరుగుదొడ్డి గోళీలును కలవు. అది ఏబదిమూడు డిగ్రీలకే కరగును, మరింత వేగముగా ఆవిరియగును, దాని గుణదోషములు వేరు. ఈ రెంటిని ఒకే పెట్టెలో కలిపితిమేని పరస్పరసంపర్కమున రెండును చెమర్చి కరగి ద్రవమై బట్టలపై మరకలు వేయును. ఇక హారతికర్పూరము మూడవది. ఆకారమున దగ్గరిదైనను విషమున మరియొక జాతి, తిన్న బిడ్డకు నిమిషములలో మూర్ఛ తెప్పించును. బిడ్డ మ్రింగినది ఏదో తెలియనప్పుడు మిగిలినదానితో ఒక సులభపరీక్ష చేయవచ్చును. మామూలు నీటిలో తేలినచో కర్పూరము. మునిగినచో, ఇక కరగనంతవరకు ఉప్పు కలిపిన నీటిలో వేయవలెను. అందు తేలినచో నాఫ్తలీన్, అందును మునిగినచో డైక్లోరోబెంజీన్. ఈ పరీక్ష ఆసుపత్రి దారి పట్టిన తరువాత, వెనుక ఇంటిలో నున్నవారు చేయవలసినది గాని, దీనికై ఆగి కాలము పోగొట్టరాదు.

మ్రింగినట్లు అనుమానము కలిగినచో బలవంతముగా వాంతి చేయింపరాదు. విషమునకు విరుగుడని పాలు, నేయి, నూనె పోయు అలవాటు మనకు కలదు; ఇచ్చట అది శత్రువుకు తలుపు తీయుటయే యగును, క్రొవ్వుతో కూడి నాఫ్తలీన్ త్వరగా రక్తములో చేరును గనుక. పొట్లముతో సహా బిడ్డను ఆసుపత్రికి చేర్చుటకు 108 వాహనమును పిలువవలెను. మొదటి దినము బిడ్డ ఆడుకొనుచున్నదని నిశ్చింతగా ఉండరాదు; ఎర్రకణములు చితుకుట రెండవ, మూడవ దినముల గాని బయటపడకపోవచ్చును. మూత్రపు రంగును కనిపెట్టియుండుట ఇంటివారు చేయగల ముఖ్యమైన కాపలా.

వాడక తప్పదన్నవారికి పద్ధతి ఇది. పల్చనిగుడ్డలో మూటకట్టి బట్టల పైభాగమున ఉంచవలెను. ఆవిరి బరువైనది గనుక తానే క్రిందికి దిగును. పట్టుచీరమీదను జరీమీదను నేరుగా పెట్టరాదు. కొన్ని జాతుల ప్లాస్టిక్ బొత్తాములను, సంచులను ఆ యావిరి మెత్తబరచును. పెట్టె గట్టిమూత గలదై, పడకగదికి వంటగదికి దూరముగా ఉండవలెను. తీసిన బట్టను కట్టుకొనుటకు ముందు ఆరుబయట గాలికి ఆరవేయవలెను.

వాడకుండుటకును మార్గములు లేకపోలేదు. తంజావూరు సరస్వతీమహలులో తాళపత్రములను వసకొమ్ము మున్నగు మూలికల మూటలతో కాపాడిన సంప్రదాయము మనకు కలదు. వట్టివేళ్లను చీరల నడుమ పరచిన మన పూర్వస్త్రీల వివేకమును, చెదల గూటిలో నాఫ్తలీన్ కనుగొన్న ఆ లూసియానాలోనే వట్టివేరు నూనె చెదలను పారద్రోలునని జరిగిన పరిశోధనలు కొంతవరకు సమర్థించినవి. అయినను వేపాకుగాని వట్టివేరుగాని పురుగును పొమ్మనునే గాని పెట్టెలో నున్న గ్రుడ్లను చంపదు. ఆ సంగతి దాచి వాటిని పొగడుట నిజాయితీ కాదు. నిజమైన రక్ష, మరకలేవియు లేకుండ ఉతికి దాచుట. ఉన్నిని ఎండలో దులిపి, పట్టును నీడలో ఆరవేసి, మూడు నాలుగు నెలలకొకసారి మడతలు మార్చుట. మ్యూజియములవారు అమూల్యవస్త్రములను సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలిలో వారము దినములుంచి పురుగును గ్రుడ్లతో సహా చంపుచున్నారు. మా మేనత్తగారు శ్రావణమునకు ముందు భోషాణము తెరచి చేసినదంతయు, దులిపి, ఆరవేసి, మడతలు మార్చు ఆ రక్షయే. ఆమె చీరలు నేటికిని చెక్కుచెదరక యున్నవి. వాటిని కాపాడినది ఆమె చేయియే గాని ఉండ కాదని ఇప్పుడు నాకు తోచుచున్నది.

మీ యింట పురుడు రానున్నదేని, ఈ వారముననే పెట్టె తెరచి ఉండలను తీసి, మూత బిగిసిన డబ్బాలో పిల్లలకందని చోట పెట్టుడు. పొత్తిగుడ్డలకై ఎంచిన పాతచీరలను ఆరుబయట గాలికి ఆరవేసి, ఉతికి, మరల ఎండవేసి, ముక్కునకు ఆ వాసన యించుకయు తగులనప్పుడు గాని బిడ్డ దరికి తేకుడు.